కురిక్యాల శాసనము – పరదేశమునందలి యొక కాపురము

కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన శాసనమును గూర్చి తెలుగువారిలోను కన్నడిగులలోను చర్చ చాలినంత జరిగినది. క్రీ.శ. 945 ప్రాంతపుదని పండితులు నిర్ణయించిన యీ శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు కలవు. తెలుగు భాగమున మూడు కందపద్యములుండుటచే నన్నయకు పూర్వమే కందము కుదురైన రూపము దాల్చియుండెనని తేలినది. పంపకవి పూర్వులు వేంగీమండలమువారను సంగతి అతని కావ్యముననే యున్నను, ఇక్కడ కమ్మనాటి వంగిపర్రు పేరు కనబడుటచే, అతడు తెలుగువాడా కన్నడిగుడా యను వివాదమునకు క్రొత్త బలము చేకూరినది. ఈ రెండు విషయములతో విమర్శకుల పని ముగిసినట్లయినది. శాసనము మాత్రము ఆ రెండింటి కొరకు చెక్కబడినది కాదు. తమ్ముడొకడు తన తల్లిదండ్రులను, అన్నను, వంశమును పేరుపేరున చెప్పుకొని, తాను చేసిన ధర్మములను లెక్కించుకొనిన వ్రాత యది. పూర్వుల దేశమొకటి, తల్లి వచ్చిన దేశము మరియొకటి, బ్రతుకు దొరకిన దేశము వేరొకటియైన యొక యింటి చరిత్ర అందున్నది. ఆ దృష్టితో దానిని చదివిన విమర్శ మిక్కిలి తక్కువ.

ఇంటి కథ స్థూలముగా ఇట్లున్నది. వేంగీమండలమున మాధవ సోమయాజి యజ్ఞములు చేసిన శ్రోత్రియుడు. అతని వంశమున నాలుగవ తరమువాడు భీమపయ్య. అభిరామదేవరాయలను పేరుతో విక్రమార్జునవిజయమున చెప్పబడినవాడితడే. ఇతడు వైదికమార్గమును విడిచి జైనమును స్వీకరించెను. ఇతని భార్య అబ్బణబ్బె, బెళ్వొల నాటి అణ్ణిగేరిలో జోయిస సింఘుని యింటి ఆడుబిడ్డ. వీరి పెద్దకుమారుడు పంపడు, చిన్నవాడు జినవల్లభుడు. పంపడు వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆస్థానమున కవియు యోధుడునై, 941లో ఆదిపురాణమును, దాని వెంటనే విక్రమార్జునవిజయమును రచించెను. సంస్కృత శాసనములలో లేంబులవాటకమని వ్యవహరింపబడిన వేములవాడ ఆ నాడు రాష్ట్రకూటుల సామంతులకు రాజధాని. చుట్టును తెలుగు పల్లెలు, కొలువున కన్నడ కావ్యము. అణ్ణిగేరినుండి వేములవాడకు సూటిగా కొలిచినను సుమారు 500 కిలోమీటర్ల దూరము. బండ్ల కాలమున ఆ దూరము నేటి సముద్రాంతర యానమునకు తీసిపోదు.

పంపని స్వదేశమును గూర్చిన వివాదమున ఇరుపక్షములును ఒకే పొరపాటు చేసినవి. తెలుగు పక్షము తండ్రి పరంపరను పట్టుకొని వంగిపర్రునొద్ద నిలిచినది. కన్నడ పక్షము కావ్యభాషను పట్టుకొని, బనవాసిని తలచుకొని కవి పరవశించిన ఘట్టమును పట్టుకొని అక్కడ నిలిచినది. మొదటివారికి వంశవృక్షము చాలును. రెండవవారికి గ్రంథము చాలును. నడుమ నున్న యిల్లు ఎవరికిని కనబడలేదు. తల్లి పేరును, ఆమె పుట్టినూరును, ఆ యింటి పెద్ద పేరును శాసనము విడువక చెప్పినది గదా, అది యెందుకు చెప్పినదని ప్రశ్నించినవారు అరుదు. వంశము చెప్పుకొను దాతకు తండ్రి తాతల పేర్లు చాలును. అణ్ణిగేరిని చెప్పుట యాచారముచేత గాక యింటి జ్ఞాపకముచేత జరిగినదని తలచుటకు తావున్నది.

ఇచ్చట కావ్యమునుండి యొక సాక్ష్యము చేరును. పంపడు తన కన్నడము పులిగెఱె నాటిదని సగర్వముగా చెప్పుకొన్నాడు. పులిగెఱె, అనగా నేటి లక్ష్మేశ్వరము, అణ్ణిగేరికి పొరుగు సీమ. వేములవాడ కొలువున కూర్చుండి, వేంగీ వంశజుడైన తండ్రికి పుట్టి, ఆ కవి తన భాషకు ప్రమాణముగా పెట్టుకొనినది తల్లి పుట్టింటి చుట్టుపట్ల మాటను. దీనిని రాజకీయముచేతగాని, ఆనాటి కన్నడ శిష్టభాషా గౌరవముచేతగాని వివరింపవచ్చును. పులిగెఱె కన్నడమునకు అట్టి గౌరవము నిజముగా నుండెను. అయినను ఆ గౌరవము గ్రంథములు చదివి తెలిసికొన్నవాని గౌరవముగా మాత్రమే కనబడదు. మొదటి కాన్పు పుట్టింట జరుగుట, బాలింత నెలల తరబడి తల్లి యొద్దనే యుండుట, బిడ్డ చెవిని మొదట పడు మాట అమ్మమ్మదగుట దక్షిణదేశమున పాదుకొనిన మర్యాద. పదవ శతాబ్దమున అబ్బణబ్బె ఎక్కడ ప్రసవించెనో శాసనము చెప్పదు. పంపని జన్మస్థానము అణ్ణిగేరియని కన్నడదేశమున వాడుక గలదు. ఆ వాడుకకు ఈ మర్యాదయే మూలమై యుండవచ్చును. చెప్పనిదానిని శాసనముచేత చెప్పించుట విమర్శ కాదు. కాని తండ్రి వంశమును మాత్రమే లెక్కించి కవి దేశమును తేల్చుట అంతకంటె పెద్ద కల్పన.

శాసనమున మూడు భాషలకు పని ఎట్లు పంచబడినదో చూచిన ఈ యింటి స్వభావము మరింత తెలియును. సంస్కృతము పండితులకు, ధర్మమునకు. వంశవృత్తాంతము, తల్లి ఊరు, అన్న కీర్తి మొదలగు ఇంటి సంగతులు ప్రధానముగా కన్నడమున నున్నవి. తెలుగు కందములు మూడును దాతను పొగడునవి: జినభవనములెత్తించుట, పూజలు చేయుట, మునులకు అన్నమిడుట మొదలగు గుణములను చెప్పి, అట్టివాడు మరియొకడు లేడనుట వాని తాత్పర్యము. కవితాగుణమున అవి గొప్పవి కావు. యతిప్రాసలు కుదురుగా నున్నవి, నడక తేటగా నున్నది. ఉపమానములు మాత్రము ఎవరినైనను పొగడుటకు పనికివచ్చునవే. పంపని పద్యము ప్రక్క వీనిని నిలుపరాదు. తెలుగు ఛందోచరిత్రలో వాని స్థానము పెద్దది కనుక కావ్యచరిత్రలో గూడ పెద్దదే యనుట మన వారిలో కొందరి అభిమానము మాత్రమే.

వాని విలువ వేరొకచోట నున్నది. ఇంటిలోని మాట కన్నడమున, వీధిలోని మాట తెలుగున. గుట్ట క్రింద దున్నుకొనువారు, చెరువు నీరు త్రావువారు తెలుగువారు. వారికి తెలియవలసినది జినవల్లభుడు చేసిన పని. వారి భాషలో అదియే చెక్కబడినది. వారికి అక్కరలేనిది, తనకు మాత్రము మరపురానిది, తల్లి పుట్టినూరు; అది తల్లి భాషలో నిలిచినది. ఆ కందములను అతడే కట్టెనా, ఇతరునిచే కట్టించెనా యను వాదమెట్లున్నను, పరదేశమున తన పేరు నిలుపుకొనుచు పొరుగువారి భాషను రాతిపై నెక్కించిన నిర్ణయము అతనిది. త్రిభువనతిలకమను బసదిని, మదనవిలాసమను తోటను అతడు చేయించెను. చెరువునకు కవితాగుణార్ణవమని పేరు పెట్టెను. అది అన్న బిరుదము. అన్నగారి కావ్యము చదువలేని పల్లెవాడును ఆ పేరును నిత్యము ఉచ్చరింపవలసివచ్చెను. పంపని తమ్ముడనియే గాక, వలస వచ్చిన యింటికి క్రొత్తనేలపై ఎట్లు వ్రేళ్లు దిగవలెనో తెలిసినవాడనియు జినవల్లభుని తలచుట న్యాయము.

పసిబిడ్డ మాటయెత్తిన ఆనాటి వేములవాడ వాఙ్మయమున రెండు గ్రంథములు కనబడును. సోమదేవసూరి 959లో గంగాధరలో ముగించిన యశస్తిలకమున రెండవ ఆశ్వాసము యశోధరుని జననమును బాల్యమును వర్ణించును. సంసారము విడిచిన ముని రాజగృహపు పురిటిని వర్ణించుటలో వింత లేదు, కావ్యధర్మమది. అంతకంటె ఈ విషయమునకు సన్నిహితమైనది ఆదిపురాణ కథ. పంపని గ్రంథమునకు మూలమైన జినసేనుని పురాణమున వృషభనాథుడు తన కూతుండ్రను ఒడిలో నుంచుకొని బ్రాహ్మికి లిపిని, సుందరికి అంకెలను నేర్పును. జైన వాఙ్మయమున అక్షరము తండ్రి ఒడిలో మొదలైనది. మాట తల్లిది, అక్షరము తండ్రిది. ఈ విభాగమును భీమపయ్య యింటికి పట్టించి చూచిన, కన్నడపు పలుకు అణ్ణిగేరినుండియు, సంస్కృత పాండిత్యము సోమయాజుల వంశమునుండియు, తెలుగు వేములవాడ వాకిటినుండియు వచ్చినవని ఊహింపవచ్చును. వాకిలికి ఇల్లు లొంగిపోలేదు, ఇంటికి వాకిలి అడ్డుపడలేదు.

వేములవాడ పేరుతో ముడిపడిన మరియొక పసివాడు భీమకవి. ఇతని వేములవాడ ఇదియా, గోదావరీ మండలములోనిదా యను వాదము తీరలేదు. ఇచ్చట అది అప్రస్తుతము. కవిజీవితములను కూర్చినవారు చెప్పిన కథ ప్రసిద్ధము: వితంతువైన తల్లికి భీమేశ్వరుని వరమున బిడ్డ కలుగుట, తోడి పిల్లలు తండ్రిలేనివాడని పరిహసించుట, బాలుడు తల్లిని నిలదీయుట, గుడిలోని దేవుడే నీ తండ్రియని ఆమె చెప్పుట, బాలుడు పెద్దరాతిని చేతబట్టి లింగమునెదుట నిలిచి నిజము చెప్పుమనుట. చరిత్రకారులు దీనిని పుక్కిటి పురాణమని త్రోసివేసిరి. భక్తులు మహిమగా స్వీకరించిరి. కథలోని గుండె కాయ మహిమ కాదు. తండ్రి కంటికి కనబడని యింట బిడ్డ వీధిలో ఏ మాట వినవలసివచ్చునో ఆ కథ చెప్పినది. అట్టి బిడ్డకు తల్లి చెప్పగల సమాధానము ఎంత కొంచెమో గూడ చెప్పినది.

ఆ ప్రశ్న వేములవాడ సీమలో నేటికిని పాతబడలేదు. పదవ శతాబ్దమున పరదేశులు వచ్చి బిడ్డలను పెంచుకొనిన యీ ప్రాంతము, 1970ల తరువాత బిడ్డలను విడిచి పరదేశము పోవువారి ప్రాంతమైనది. దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అను పేర్లు పల్లెలలో పొరుగూళ్ల పేర్లవలె వినబడును. అంతకు పూర్వము వలస బొంబాయి త్రోవ పట్టినది. ఆ నగరమున కామాటిపురమను పేరు తెలంగాణమునుండి పోయిన పనివారి గుర్తు. సిరిసిల్ల నేతవారు భివండీ మరమగ్గములకు పోయినపుడు భార్యయు చంటిబిడ్డయు పలుమారు వెంట పోయిరి. సాంచెల చప్పుడు నడుమ చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ నిద్రించెను. ఇంట తెలుగు, సందున మరాఠీ, అంగడిలో హిందీ. జినవల్లభుని త్రిభాష బీదవారి యింట మరల పుట్టినట్లు తోచును. దానిని రాతిపై చెక్కువారు మాత్రము లేరు.

ఎడారి దేశముల వలసలో ఈ అవకాశము గూడ లేదు. సంయుక్త అరబ్ ఎమిరేట్సులో 2019లో చేసిన నియమము ప్రకారము ఉద్యోగి భార్యాబిడ్డలను తన పేర రప్పించుకొనవలెనన్న నెలకు 4000 దిర్హములు గాని, వసతితోగూడ 3000 దిర్హములు గాని జీతముండవలెను. కట్టడపు పనికి పోయిన కూలికి ఆ మొత్తము సామాన్యముగా అందదు. కనుక పరదేశపు కాపురము రెండుగా చీలినది. తండ్రి శిబిరమున పదిమందితో ఒక గదిలో నుండును. బిడ్డ వేములవాడలో తొట్టెలలో నుండును. ఇరువదియొకటవ నాడు తొట్టెలలో వేయు వేడుకను అతడు చేతిలోని ఫోనున చూచును. రెండేండ్లకు సెలవుపై వచ్చినపుడు బిడ్డ అతనిని చూచి ఏడ్చును, ఫోనును చూపి నాన్న యనును. భీమకవి తండ్రి రాతిలో నుండెను. ఈ బిడ్డ తండ్రి అద్దములో నున్నాడు.

అమెరికాకు పోయిన విద్యావంతుల కాపురము వేరొక తీరున నడచును. అక్కడ బిడ్డ తలిదండ్రుల చేతిలోనే యుండును, లేనిది పుట్టిల్లు. దానిని విమానముపై రప్పించుకొందురు. కూతురికి నెలలు నిండువేళకు తల్లి సందర్శకురాలి వీసాపై పోవును. సాధారణముగా ఆరునెలలు ఉండనిత్తురు. బాలింతకు పథ్యపు కారము, బిడ్డకు నూనె రాచి కాళ్లపై పడుకోబెట్టి పోయు నీళ్లు, జోలపాట, దిష్టి తీయుట అన్నియు ఆ ఆరునెలలలో జరుగవలెను. ఆమె గడువు తీరువేళకు అత్తగారు వచ్చును. తరువాత ఇల్లు నిశ్శబ్దమగును. బిడ్డను శిశుసంరక్షణాలయమున విడిచి తల్లి పనికి పోవును. అణ్ణిగేరి మర్యాదయే యిది. అప్పుడు కూతురు బండిమీద పోయెను, ఇప్పుడు తల్లి విమానముపై వచ్చుచున్నది.

ఈ రెండు విధముల వలసలను గూర్చి తెలుగున వచ్చిన రచనలను ఈ కొలతతో చూచిన లోపము స్పష్టముగా కనబడును. ఎడారి వలసను వ్రాసినవారు అప్పును, దళారి మోసమును, పెట్టెలో తిరిగివచ్చిన శవమును వ్రాసిరి. అవి వ్రాయవలసినవే. కాని వానిలో బిడ్డ తరచుగా ఏడ్పును పెంచుటకు తెచ్చిన యుపకరణము. బిడ్డకు ఎవరు అన్నము తినిపించిరి, తండ్రి పేరు ఎట్లు నేర్పిరి, అతని గొంతును తల్లి యెట్లు అనుకరించి చెప్పెను, ఈ దినచర్య కథకు తగదని రచయితలు తలచినట్లున్నది. అమెరికా తెలుగు కథలు, వంగూరి ఫౌండేషన్ ప్రచురించిన సంపుటములు మొదలుకొని, ఇంటి లోపలికి మరింత చేరినవి. అయినను వానిలో పలుచోట్ల బిడ్డ తెలుగు రానివాడుగా ప్రవేశించును, తాతయో అమ్మమ్మయో అందుకు చింతించును, కథ ఆ చింతతో ముగియును. బిడ్డకు వచ్చిన భాష ఏది, దానితో ఆ యింటికి ఏమి చేకూరెనను ప్రశ్న పుట్టదు. జినవల్లభుని శాసనమున ఎవరును చింతింపలేదు. అచ్చట వంగిపర్రు పేరున్నది గాని వంగిపర్రును పోగొట్టుకొంటిమను మాట లేదు. తెలుగుగడ్డపై కన్నడము మాటాడవలసివచ్చెనను సంకోచమును లేదు. ఏ మాట ఎవరితో మాటాడవలెనో తెలిసిన యింటికి ఆ సంకోచము కలుగదు. మన కథకులు నేర్చుకొనవలసిన పద్ధతి వేయేండ్లనుండి గుట్టమీద పడియున్నది.

కథకులు పట్టించుకొనని యొక వాడుకను వేములవాడ ప్రతిదినము చూచుచున్నది. డల్లాసున పుట్టిన బిడ్డకును, భివండీలో పుట్టిన బిడ్డకును పుట్టువెంట్రుకలు రాజన్న సన్నిధిని తీయింపవలెనను మ్రొక్కు చాలమందికి కలదు. బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుండవలెను. మేనమామ మస్కటులో నున్నచో అతని సెలవు కొరకు మ్రొక్కు ఆగును. ఏడాది దాటినను ఆగును. బిడ్డ తల వెంట్రుకలతో కండ్లపై పడుచుండగా తల్లి పిలకకట్టి త్రిప్పును. వచ్చిన దినమున ధర్మగుండమున స్నానము, కోడెను కట్టుట, గుండుపై పసుపుగంధము. ఈ తంతులోను తండ్రి వంశముకంటె తల్లి పుట్టింటికే పీఠము. అబ్బణబ్బె ఊరిని శాసనమునకెక్కించిన మనస్సు ఇంకను ఈ సీమలో నున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. భక్తిని గూర్చి వ్రాయువారు కోడెను వ్రాసిరి, మేనమామను విడిచిరి.

తెలుగు సాహిత్య చరిత్రలలో ఈ శాసనము వచ్చునపుడు సామాన్యముగా మూడు కందములే ఉదాహరింపబడుచున్నవి. కన్నడ భాగము ఒకటి రెండు వాక్యముల సంగ్రహముతో సరిపెట్టబడుచున్నది. తత్ఫలితముగా తెలుగు పాఠకునకు దాత దొరకును, దాత తల్లి దొరకదు. చక్రేశ్వరిని, జినబింబములను చూడ బొమ్మలగుట్ట నెక్కు పిల్లవాడు తెలుగు పద్యములను కూడబలుకుకొని, అంతకంటె ముఖ్యమైన పంక్తులను తెలియక దాటిపోవును. ఇకముందు ఈ శాసనమును ప్రకటించువారు మూడు భాషల పాఠమును పూర్తిగా నిచ్చి, కన్నడ వచనమునకు ప్రతిపదమునకు తెలుగు అర్థము వ్రాసి, అబ్బణబ్బె పేరును, అణ్ణిగేరి పేరును సూచికలో చేర్పవలెను. గుట్ట క్రింద పెట్టు పలకయందును ఆ పేర్లుండవలెను.